చెవి మళ్లీ మళ్లీ ఎందుకు కారుతుంది?

పిల్లల చెవిలో పోటు వచ్చినా, నీరు చేరినా, చీము కారినా చాలా ఇళ్లలో మందు ఒకటే. పోయినసారి రాసిన సిరప్పే మళ్లీ తెచ్చి తాగించటం! కానీ ఈ మూడూ ఒకే సమస్య కాదు. వీటి వెనకున్న బ్యాక్టీరియా కూడా ఒకటి కాదు. మన పిల్లల చెవి వీటిలో ఏ కోవలోకి వస్తుందో తెలిస్తే సగం వైద్యం అయినట్టే.

ఆ మధ్య మా ఓపీకి ఏడేళ్ల బాబును తీసుకుని ఓ తల్లి వచ్చింది. కూర్చోకముందే చేతిలోని ప్లాస్టిక్ కవరును బల్ల మీద బోర్లించింది. అందులో నాలుగేళ్ల మందుచీటీలున్నాయి. ‘‘వానాకాలం వస్తే చాలు డాక్టరు గారూ, కుడి చెవి కారుతుంది. మందు తాగిస్తే తగ్గుతుంది. నెల తిరక్కుండా మళ్లీ మొదలు. పెద్దయితే అదే పోతుందని మా అత్తయ్య అంటోంది’’ అంది. చీటీలన్నీ వరసగా చూశాను. మందుల పేర్లు మారాయి గానీ దాదాపు అన్నీ నోటితో తాగే యాంటీబయాటిక్ సిరప్పులే. ఒక్క చీటీలోనూ వినికిడి పరీక్ష ఊసు లేదు.

ఇందులో ఎవర్నో తప్పుపట్టాలని కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఓపీ బయట వరస పెరిగిపోతుంటే, నేనూ అలా సిరప్పు రాసి పంపినవాణ్నే. కానీ ఆ బాబు చెవిని శుభ్రం చేసి లైటు వేసి చూస్తే కర్ణభేరికి రంధ్రం ఉంది. వినికిడి పరీక్ష చేయిస్తే ఆ చెవి సరిగా వినటం లేదు. నాలుగేళ్లుగా బాబు తరగతిలో పాఠాలు ఒక చెవితోనే వింటున్నాడు! ఇలాంటి పిల్లలు మనకు తక్కువేం లేరు. చీముకారే చెవి ఎక్కువగా కనిపించే దేశాల్లో మనదీ ఒకటని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2004లోనే ఓ నివేదికలో చెప్పింది.

అసలు జబ్బు ఎక్కడ?

మనకు బయటికి కనిపించే చెవి దొప్ప, లోపలికి వెళ్లే సన్నటి దారి... ఇదంతా బయటి చెవి. ఆ దారి చివర డప్పు మీద చర్మంలా బిగించి ఉండే పల్చటి పొర కర్ణభేరి. దానికి అవతల ఉన్న చిన్న గదే మధ్యచెవి. ఇందులో మూడు చిన్న ఎముకలు గొలుసులా ఉంటాయి. శబ్దానికి కర్ణభేరి కదిలితే, ఆ కదలికను ఇవి లోపలి చెవికి అందిస్తాయి. ఈ గదిలో ఉండాల్సింది గాలి మాత్రమే.

ఆ గాలి వచ్చేది ముక్కు వెనక భాగం నుంచి, యూస్టేషియన్ నాళం ద్వారా. మనం మింగినప్పుడు, ఆవలించినప్పుడు చెవిలో ‘టక్’మనేది ఈ నాళం తెరుచుకోవటమే. పెద్దల్లో ఇది పొడుగ్గా, ఏటవాలుగా ఉంటుంది. పసిపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. దాంతో ముక్కులో, గొంతులో ఉన్న సూక్ష్మజీవులు చెవిలోకి చేరటం తేలిక. పైగా ఈ నాళం తెరుచుకునే చోటికి దగ్గర్లోనే అడినాయిడ్లు ఉంటాయి. అవి వాస్తే గాలి రాకపోకలు ఆగిపోతాయి. అందుకే పిల్లల చెవి జబ్బు చాలాసార్లు ముక్కులో మొదలవుతుంది. జలుబు తరచూ చేసే పిల్లలకే చెవి సమస్యలూ ఎక్కువ.

మొదటి రకం: రాత్రిపూట లేపే చెవిపోటు

రెండు మూడు రోజులు జలుబు, ఆ తర్వాత ఉన్నట్టుండి చెవిపోటు, జ్వరం. మాటలు రాని పిల్లలైతే చెవి లాక్కుంటూ గుక్కపట్టి ఏడుస్తారు, పాలు తాగరు. ఇది మధ్యచెవికి కొత్తగా సోకిన ఇన్‌ఫెక్షన్. జలుబు తెచ్చిన వైరస్ దారి వేస్తే, ఆ దారిలో బ్యాక్టీరియా వచ్చి చేరుతుంది.

ముఖ్యంగా వచ్చేవి మూడు. ఒకటి న్యుమోనియాకు కూడా కారణమయ్యే న్యూమోకాకస్. రెండోది హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా. పేరులో ఇన్‌ఫ్లుయెంజా ఉన్నా ఫ్లూ జ్వరం దీనివల్ల రాదు, అది వైరస్ పని. మూడోది మొరాక్సెల్లా కటరాలిస్. ఈ మూడూ ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కు వెనక కూడా కాపురం ఉంటాయి. అవకాశం దొరికితేనే చెవికెక్కుతాయి.

ఈ రకానికి నోటి ద్వారా ఇచ్చే యాంటీబయాటిక్ పనిచేస్తుంది. అయితే చెవిపోటు వచ్చిన ప్రతి పిల్లవాడికీ అది అక్కర్లేదు. రెండేళ్లు దాటి, జ్వరం, నొప్పి తక్కువగా ఉంటే పారాసిటమాల్ ఇస్తూ రెండు మూడు రోజులు గమనించమని డాక్టరే చెప్పొచ్చు. చాలామందికి దానంతట అదే తగ్గిపోతుంది. అదే రెండేళ్ల లోపు పిల్లలు, రెండు చెవులూ బాధిస్తున్నవారు, చీము వచ్చినవారు, జ్వరం తీవ్రంగా ఉన్నవారి విషయంలో ఆగకూడదు. మందు మొదలుపెడితే నొప్పి తగ్గింది కదా అని మధ్యలో మానెయ్యకూడదు.

రెండో రకం: నొప్పి లేదు, కానీ వినపడదు

చెవిపోటు తగ్గిపోయాక కూడా మధ్యచెవిలో నీరు ఉండిపోతుంది. నెల తర్వాత చూస్తే సుమారు 40 శాతం పిల్లల్లో, మూడు నెలల తర్వాత కూడా దాదాపు 10 శాతం మందిలో ఆ నీరు కనిపిస్తుంది. కొందరిలో చెవిపోటు రాకుండానే నీరు చేరుతుంది. రోజులు గడిచేకొద్దీ అది బంకలా చిక్కబడుతుంది. అందుకే దీన్ని ‘గ్లూ ఇయర్’ అంటాం.

దీంతో వచ్చే చిక్కేమిటంటే పిల్లవాడు ఏడవడు. జ్వరం ఉండదు, చీము కారదు. గాలి ఉండాల్సిన చోట బంక ఉండటంతో కర్ణభేరి సరిగా కదలదు. చెవుల్లో వేళ్లు పెట్టుకుని వింటే ఎలా ఉంటుందో ఆ పిల్లలకు రోజంతా అలా ఉంటుంది. పెద్దగా మాట్లాడితే వింటారు కాబట్టి మనకు అనుమానం రాదు. టీవీ సౌండ్ పెంచుతారు. పిలిస్తే ‘ఆఁ?’ అంటారు. వెనకనుంచి పిలిస్తే పలకరు. డిక్టేషన్‌లో తప్పులు రాస్తారు. ‘స’, ‘త’, ‘ఫ’ లాంటి మెత్తటి ధ్వనులు సరిగా చేరక మాటలు ఆలస్యంగా, ముద్దగా వస్తాయి.

యూకేజీ చదివే ఓ పాపను ‘చెప్పిన మాట వినదు, మొండి’ అని తీసుకొచ్చారు. నిజానికి ఆ పాపకు చెప్పిన మాట వినపడటం లేదు. రెండు చెవుల్లోనూ బంక నిండిపోయి ఉంది. మొండి అన్న పేరు మాత్రం అప్పటికే ఇంట్లో, బడిలో స్థిరపడిపోయింది.

ఆ బంకలో బ్యాక్టీరియా ఉందా, లేదా?

ఈ ప్రశ్న వైద్యులను చాలాకాలం తికమకపెట్టింది. ఆ బంకను తీసి ల్యాబ్‌లో కల్చర్ పరీక్షకు పెడితే ఎక్కువ నమూనాల్లో ఏమీ పెరిగేది కాదు. దాంతో ఇది బ్యాక్టీరియా లేని ఉత్త నీరేనని భావించేవారు.

1995లో అమెరికా పరిశోధకులు ఇలాంటి 97 నమూనాలను కల్చర్‌తో పాటు పీసీఆర్ పద్ధతిలో కూడా పరీక్షించారు. కొవిడ్ రోజుల్లో మనందరికీ పరిచయమైన పరీక్షే ఇది. బ్యాక్టీరియాను పెంచకుండా దాని జన్యుపదార్థాన్ని పట్టుకుంటుంది. కల్చర్‌లో దొరికింది సుమారు 30 శాతం నమూనాల్లోనే. కల్చర్‌లో దొరకకపోయినా పీసీఆర్‌లో దొరికినవి మరో 48 శాతం వరకూ ఉన్నాయి. దొరికినవి ఏవో కావు... చెవిపోటు తెచ్చే ఆ మూడు పాత బ్యాక్టీరియాలే.

అవి చచ్చిన బ్యాక్టీరియా ఆనవాళ్లేమో అన్న అనుమానం అప్పుడే వచ్చింది. దానికి 1998లో జవాబు దొరికింది. కల్చర్‌లో ఏమీ పెరగని నమూనాల్లో కూడా, బ్యాక్టీరియా చచ్చాక ఎక్కువసేపు నిలవని ఎంఆర్‌ఎన్‌ఏను గుర్తించారు. అంటే లోపల బ్యాక్టీరియా బతికే ఉంది. మరి ల్యాబ్‌లో ఎందుకు పెరగటం లేదు?

జిగురు గూళ్లలో కాపురం

2006లో వచ్చిన మరో అధ్యయనం ఈ ముడి విప్పింది. చెవిలో గొట్టాలు వేసే ఆపరేషన్‌కు వచ్చిన 26 మంది పిల్లల మధ్యచెవి లోపలి పొర నుంచి 50 ముక్కలు తీసి ప్రత్యేక మైక్రోస్కోపు కింద చూశారు. 46 ముక్కల మీద బ్యాక్టీరియా ‘బయోఫిల్మ్’లు కనిపించాయి. ఇతర కారణాలతో చెవి ఆపరేషన్‌కు వచ్చిన కొద్దిమంది నుంచి తీసిన ముక్కల్లో ఇవి లేవు.

బయోఫిల్మ్ అంటే మనకు తెలియనిదేం కాదు. నీళ్ల ట్యాంకు కడగకపోతే లోపలి గోడకు వేలికి జారుడుగా తగిలే పొర ఉంటుంది కదా, అదే. పొద్దున్నే పళ్ల మీద ఉండే పాచి కూడా అదే. బ్యాక్టీరియా విడివిడిగా తిరగకుండా గుంపుగా ఒకచోట అంటుకుని, చుట్టూ జిగురు కట్టుకుని లోపల ఉంటుంది. ఆ స్థితిలో నెమ్మదిగా పెరుగుతుంది. చాలా యాంటీబయాటిక్స్ చురుగ్గా పెరుగుతున్న బ్యాక్టీరియా మీదే బాగా పనిచేస్తాయి. కాబట్టి గూడులో ఉన్నవాటిని చంపాలంటే వందల రెట్లు ఎక్కువ మందు కావాల్సి రావొచ్చు. అంత మందు సిరప్పు ద్వారా చెవికి చేరదు.

ఇప్పుడు ఓ సంగతి అర్థమవుతుంది. మందు తాగినప్పుడు బయట తిరిగే బ్యాక్టీరియా చస్తుంది, పిల్లవాడికి కాస్త నెమ్మదిస్తుంది. గూడు మాత్రం అలాగే ఉంటుంది. మళ్లీ జలుబు చేయగానే అందులోంచి కొన్ని బయటికొస్తాయి. మళ్లీ జబ్బు మొదలు. ఇలాంటి గూళ్లు అడినాయిడ్ల మీద కూడా ఉంటాయి. కొందరు పిల్లలకు అడినాయిడ్లు తీసేస్తే చెవి బాగుపడటానికి ఇదొక కారణం.

దోషో, దారినపోయేవాడో!

ఈ వరసలో మరో బ్యాక్టీరియా పేరు కూడా చెప్పుకోవాలి. 1989లో అమెరికాలోని బఫెలో నగరంలో, దీర్ఘకాలంగా చెవిలో నీరు ఉన్న పిల్లల నుంచి అంతవరకూ ఎవరూ గుర్తించని బ్యాక్టీరియా ఒకటి దొరికింది. దానికి తర్వాత అలోయికోకస్ ఒటైటిడిస్ అని పేరు పెట్టారు. ఇది చాలా నెమ్మదిగా పెరుగుతుంది. మామూలుగా కల్చర్ ప్లేటును ఒకటి రెండు రోజులు చూసి ‘ఏమీ పెరగలేదు’ అని రాసేస్తాం కాబట్టి అంతకాలం తప్పించుకుంది. తర్వాత ఫిన్లాండ్, జపాన్ లాంటి చోట్ల పీసీఆర్‌తో వెతికితే చెవి నీటిలో ఇది బాగానే కనిపించింది.

దొరికింది కదా అని ఇదే కారణమనలేం. ఆరోగ్యంగా ఉన్నవారి బయటి చెవి దారిలోనూ ఇది ఉంటుందని తర్వాత తేలింది. నేరం జరిగిన చోట కనిపించినవాడల్లా దొంగ కాదుగా! దీని పాత్ర ఎంతన్నది ఇంకా చర్చలోనే ఉంది. ఇంటికి పనికొచ్చే పాఠం మాత్రం ఒకటుంది. బయటి నుంచి దూదితో తుడిచి పంపే నమూనాలో వచ్చిన పేరు లోపలి జబ్బుకు కారణం కావచ్చు, కాకపోవచ్చు. రిపోర్టులో ఏదో బ్యాక్టీరియా పేరు కనపడగానే, దానికి ఎదురుగా రాసిన యాంటీబయాటిక్‌ను షాపులో మనంతట మనం కొనెయ్యకూడదు.

బంక చెవికి వైద్యం: ముందు ఓపిక, తర్వాత గొట్టం

గ్లూ ఇయర్‌లో చాలావరకూ మూడు నెలల్లో దానంతట అదే తగ్గుతుంది. ఈలోపు యాంటీబయాటిక్స్, స్టిరాయిడ్లు, జలుబు మాత్రలు ఇచ్చినా చెప్పుకోదగ్గ ప్రయోజనం లేదు. అవసరమైంది వినికిడి పరీక్ష. కాస్త పెద్ద పిల్లలకు ఆడియోమెట్రీ చేస్తారు. కర్ణభేరి కదలికను చెప్పే టింపనోమెట్రీ పసిపిల్లలకు కూడా నొప్పి లేకుండా నిమిషాల్లో అయిపోతుంది.

మూడు నెలలు దాటినా రెండు చెవుల్లో నీరు అలాగే ఉండి వినికిడి తగ్గితే, కర్ణభేరికి చిన్న గాటు పెట్టి బంకను లాగేసి, గ్రొమెట్ అనే బుల్లి గొట్టం అమరుస్తారు. దాంతో మధ్యచెవికి గాలి తగులుతుంది. చాలామందికి ఏడాది అటూఇటుగా అది దానంతట అదే బయటికొచ్చేస్తుంది. అవసరమనుకుంటే అడినాయిడ్లు కూడా తీస్తారు. ఈలోపు బడిలో ముందు బెంచీలో కూర్చోబెట్టమని టీచరుకు చెప్పండి. మీరు కూడా ఎదురుగా వచ్చి, ముఖం చూస్తూ మాట్లాడండి. ఖర్చు లేని వైద్యమిది. అంగిలి చీలిక, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు, ముందే మాటలు ఆలస్యమైనవారికి మాత్రం మూడు నెలలు ఆగకుండా ముందే ఈఎన్‌టీ వైద్యులకు చూపించాలి.

మూడో రకం: చీముకారే చెవి

కర్ణభేరికి రంధ్రం పడి, అందులోంచి రెండు వారాలకు మించి చీము వస్తుంటే దాన్ని దీర్ఘకాలిక చీము చెవి అంటారు. మా ఓపీకి కవరుతో వచ్చిన బాబుది ఇదే. ఇక్కడ బ్యాక్టీరియా మారిపోతుంది. చెవిపోటు తెచ్చిన ఆ మూడూ ఇప్పుడు వెనక్కి తగ్గుతాయి. సూడోమొనాస్, స్టెఫైలోకాకస్ ఆరియస్ ముందుకొస్తాయి. ప్రోటియస్, క్లెబ్సియెల్లా లాంటివీ, గాలి లేని చోట పెరిగేవీ తోడవుతాయి.

వీటిలో మొండిది సూడోమొనాస్. ఇది తడిలో బతికే జీవి. సింకు మూలల్లో, నిల్వ నీళ్లలో, తడి మట్టిలో ఉంటుంది. స్నానం నీళ్లు, చెరువు నీళ్లు కర్ణభేరి రంధ్రం గుండా లోపలికి వెళ్తే దానితో పాటే వెళ్తుంది. వానాకాలంలో చెవి ఎక్కువ కారటానికి జలుబులతో పాటు ఈ తడి కూడా కారణమే. గూళ్లు కట్టటంలోనూ ఇది ఆరితేరినది.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి... పిల్లలకు మామూలుగా ఇచ్చే అమాక్సిసిలిన్, అమాక్సిసిలిన్-క్లావులనేట్, సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్ సిరప్పులకు సూడోమొనాస్ పుట్టుకతోనే లొంగదు. అంటే ఆ కవర్లోని నాలుగేళ్ల చీటీల్లో చాలావాటికి, ఆ చెవిలోని బ్యాక్టీరియాకు సంబంధమే లేకపోయి ఉండొచ్చు. పైగా అనవసరంగా తాగిన ప్రతి సిరప్పూ ఆ పిల్లవాడి పేగుల్లో, ముక్కులో ఉన్న ఇతర బ్యాక్టీరియాను మందులకు అలవాటు చేస్తుంది. రేపు న్యుమోనియా వస్తే ఆ మందులే పనిచేయకపోవచ్చు.

చుక్కల మందే ఎందుకు?

చీము చెవికి ప్రధానమైన మందు నోట్లో కాదు, చెవిలో వెయ్యాలి. సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లోక్సాసిన్ లాంటి 0.3 శాతం చుక్కల మందులో ఒక్కో మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అదే మందును మాత్రగా మింగితే రక్తంలో చేరేది ఇందులో సుమారు వెయ్యో వంతే. జబ్బు ఉన్న చోట అంత గాఢంగా మందు తగలటం చుక్కలతోనే సాధ్యం.

కానీ చెవి నిండా చీము ఉండగా చుక్కలు వేస్తే అవి చీము మీదే తేలి బయటికొచ్చేస్తాయి. చుక్కలు పనిచేయలేదని వచ్చేవారిలో చాలామంది దగ్గర లోపం ఇదే. కాబట్టి వేసే పద్ధతి మందంత ముఖ్యం.

• శుభ్రమైన పల్చటి నూలుగుడ్డను గానీ, గట్టి టిష్యూ కాగితాన్ని గానీ సన్నటి వత్తిలా మెలిపెట్టాలి. చెవి దొప్పను కాస్త వెనక్కి లాగి, వత్తిని తోయకుండా సున్నితంగా పెట్టి, తడిసే వరకూ ఉంచి తీసెయ్యాలి. కొత్త వత్తి పెట్టాలి. పొడిగా వచ్చే వరకూ ఇలా చేయాలి. ఇయర్ బడ్స్, అగ్గిపుల్లలు, పిన్నీసులు వాడొద్దు.

• మందు సీసాను రెండు నిమిషాలు గుప్పిట్లో పట్టుకుని వెచ్చబరచాలి. చల్లటి చుక్కలు పడితే కళ్లు తిరుగుతాయి.

• పిల్లవాణ్ని పక్కకు పడుకోబెట్టి, డాక్టరు చెప్పినన్ని చుక్కలు వెయ్యాలి. చెవి రంధ్రం ముందుండే చిన్న మెత్తటి ఎముకను నాలుగైదుసార్లు నొక్కి వదలాలి. దాంతో మందు లోపలికి దిగుతుంది. మూడు నాలుగు నిమిషాలు అలాగే ఉంచాలి.

• ఎన్ని రోజులు చెబితే అన్ని రోజులు వెయ్యాలి. అలాగని నెలల తరబడి వేసినా ప్రమాదమే. చెవిలో బూజు పడుతుంది. దురద, నల్లటి చుక్కలతో తెల్లటి దూదిలాంటి పదార్థం కనిపిస్తే అది బూజే కావొచ్చు.

చుక్కల మందుల్లోనూ తేడాలున్నాయి. జెంటామైసిన్, నియోమైసిన్ లాంటివి ఉన్న చుక్కలు రంధ్రం గుండా లోపలి చెవికి చేరితే వినికిడిని దెబ్బతీసే ముప్పుంది. అందుకే పక్కింటివారి సీసా తెచ్చి వేయటం, షాపులో ‘చెవి మందు ఇవ్వండి’ అని అడగటం మానాలి.

రెండు మూడు వారాలు పద్ధతిగా చేసినా చెవి ఆరకపోతే అప్పుడు కల్చర్ పరీక్ష అవసరమవుతుంది. నొప్పి లేకుండా పల్చటి ద్రవం నెలల తరబడి కారుతూ, ఏ మందుకూ తగ్గకుండా, వినికిడి త్వరగా పడిపోతుంటే క్షయ గురించి కూడా ఆలోచించాలి. అరుదే అయినా మన దేశంలో చెవికి క్షయ రావటం ఉంది. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే ఆ మాట డాక్టరుతో తప్పక చెప్పండి.

చెవి ఆరిపోయినా రంధ్రం మూసుకోకపోతే దాన్ని ఆపరేషన్‌తో పూడ్చవచ్చు. పిల్లలకు ఏ వయసులో చేయాలన్నది ఈఎన్‌టీ వైద్యులు చూసి నిర్ణయిస్తారు.

ఈ చెవిని మాత్రం ఆలస్యం చేయొద్దు

చీము తక్కువగా ఉండి, కుళ్లిన వాసన వస్తుంటే జాగ్రత్త. కొలెస్టియాటోమా కావొచ్చు. ఇది క్యాన్సర్ కాదు. కర్ణభేరి చర్మం లోపలికి ముడుచుకుని, పొరలు పొరలుగా పోగుపడుతూ చుట్టూ ఎముకను తినేస్తుంది. దీనికి మందులు చాలవు, ఆపరేషన్ తప్పదు. మెదడుకు, మధ్యచెవికి మధ్య ఉన్నది ఒక పల్చటి ఎముక గోడే. అది కరిగితే ఇన్‌ఫెక్షన్ మెదడుకు పాకుతుంది. ముఖం కదలికలను నడిపే నరం కూడా ఈ గది గోడలోంచే వెళ్తుంది.

కింది వాటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

• చెవి వెనక వాపు వచ్చి, చెవి దొప్ప ముందుకు నెట్టినట్టుండటం

• మూతి ఒకపక్కకు పోవటం, ఒక కన్ను సరిగా మూసుకోకపోవటం

• చెవి కారుతున్న పిల్లలకు తీవ్ర జ్వరం, తలనొప్పి, వాంతులు, మత్తు, మెడ బిగుసుకోవటం, ఫిట్స్

• కళ్లు తిరగటం, నడకలో తూలటం

అమ్మమ్మల వైద్యం... ఏది మంచి, ఏది చెడు?

చెవిపోటు అనగానే వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయటం, చనుబాలు పిండటం మన ఇళ్లలో ఉన్నదే. లాల పోసేటప్పుడు చెవుల్లో నూనె చుక్కలు వేసేవారూ ఉన్నారు. ఇవి మధ్యచెవికి చేరవు, చేరితే మరింత హాని. రంధ్రం ఉన్న చెవిలో నూనె, పాలు రెండూ బ్యాక్టీరియాకు మేతే. వేడి నూనెతో చెవి కాలిన పిల్లలూ వస్తుంటారు.

అదే అమ్మమ్మ ‘పాలు కూర్చుని పట్టు, పడుకోబెట్టి పట్టకు’ అంటే మాత్రం వినండి. పడుకోబెట్టి సీసా పడితే పాలు యూస్టేషియన్ నాళం వైపు వెళ్లే వీలుంది. తల ఎత్తుగా ఉంచి పట్టాలి. ఆరు నెలల దాకా తల్లిపాలు మాత్రమే ఇస్తే చెవి ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయి. ఇంట్లో ఎవరైనా సిగరెట్, బీడీ తాగుతుంటే ఆ పొగ పిల్లల ముక్కు లోపలి పొరను, యూస్టేషియన్ నాళాన్ని దెబ్బతీస్తుంది. వరండాలో తాగినా బట్టలతో లోపలికొస్తుంది.

న్యూమోకాకస్‌కు టీకా ఉంది. పీసీవీ అనే ఈ టీకా 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వ టీకాల పట్టికలో చేరింది. ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిది నెలలకు ఉచితంగా వేస్తారు. న్యుమోనియా, మెదడు పొరల వాపు నుంచి కాపాడటం దీని ముఖ్యోద్దేశం. చెవిపోట్లను కూడా కొంత తగ్గిస్తుంది. ‘పెంటావాలెంట్‌లో హీమోఫిలస్ టీకా కూడా వేయించాం కదా, అయినా చెవిపోటు ఎందుకొచ్చింది?’ అని కొందరు అడుగుతారు. ఆ టీకా పనిచేసేది హీమోఫిలస్‌లోని ‘బి’ రకం మీద. చెవికెక్కేది ఎక్కువగా వేరే రకం. అందుకని ఆ టీకా వృథా అనుకోవద్దు. ‘బి’ రకం తెచ్చే మెదడు పొరల వాపు ప్రాణాంతకం.

రంధ్రం ఉన్న పిల్లలకు తలస్నానం చేయించేటప్పుడు దూది ఉండకు వ్యాజిలిన్ రాసి చెవి ముందు పెట్టి, స్నానం కాగానే తీసెయ్యండి. డాక్టరు సరేననే వరకూ ఈత వద్దు.

బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందం పరీక్షించే జబ్బుల్లో చెవి ఇన్‌ఫెక్షన్లు, వినికిడి లోపం కూడా ఉన్నాయి. వారు చెవి గురించి చీటీ రాసిస్తే పక్కన పడేయొద్దు. అది పట్టుకుని జిల్లా ఆసుపత్రికి వెళ్లండి.

కవరుతో వచ్చిన బాబు సంగతి చెప్పలేదు కదూ. ఈఎన్‌టీ విభాగంలో చెవి శుభ్రం చేసి, వాళ్లమ్మకు వత్తి పెట్టటం, చుక్కలు వేయటం దగ్గరుండి నేర్పించాం. మూడో వారానికి చెవి ఆరింది. సిరప్పు ఒక్కటీ రాయలేదు. రంధ్రం ఇంకా ఉంది కాబట్టి ఆపరేషన్ గురించి ఈఎన్‌టీ వైద్యులు చూస్తున్నారు. ఇప్పుడు బడిలో ముందు బెంచీలో, టీచరుకు ఎడమ చెవి ఉండేలా కూర్చుంటున్నాడు. నాలుగేళ్ల క్రితమే ఎవరైనా ఆ చెవిని తుడిచి చూసి ఉంటే రంధ్రం అప్పుడే తెలిసేది.

కాబట్టి మీ పిల్లల చెవి రెండోసారి కారితే పాత చీటీతో మందుల షాపుకు వెళ్లకండి. పిల్లవాణ్ని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి మూడు మాటలు అడగండి: ‘కర్ణభేరి ఎలా ఉంది? వినికిడి ఎంత ఉంది? ఈ మందు తాగించాలా, చెవిలో వెయ్యాలా?’